నేలసంపెంగ మడులు – పందికొక్కుల బాధ



నేటి నా ప్రసంగమునకు విషయము నేలసంపెంగ. అంగడిలో దీనినే లిల్లీపూవని పిలుచుచున్నారు. పెండ్లిపందిళ్ళయందును, దేవాలయములయందును, పూలదండలయందును ఈ తెల్లని పూవునకు గల ఆదరము మీరెఱిగినదే. పూవు అందమును గూర్చి చెప్పుట సులభము. కాని నేను ముఖ్యముగ చెప్పదలచినది పూవు సంగతి కాదు. దాని క్రింద, మట్టిలో, మన కంటికి కానరాక జరుగు సంగతి. దుంపజాతి మొక్కకు ప్రాణము నేలలో నున్నది. దాని శత్రువును నేలలోనే యున్నది.

మొదట పేరును గూర్చి ఒక్కమాట. శాస్త్రజ్ఞులు లిల్లీలని చెప్పునవి చాలవరకు చలిదేశపు మొక్కలు. దక్షిణదేశమున నీలగిరి మొదలగు పడమటి కొండలపై తెల్లని లిల్లీ యొకటి సహజముగ పెరుగుచున్నది గాని, అది మన మైదానపు టెండకు తగినది కాదు. మనము లిల్లీ యనుచున్న నేలసంపెంగ మెక్సికో దేశమునుండి వచ్చినది. వృక్షశాస్త్రము ననుసరించి యిది లిల్లీకంటె మన చేలగట్లమీది కిత్తనారకు దగ్గరి చుట్టము. అందుచేతనే మన యెండ దీనికి సరిపడినది. కడియపులంక తోటలు మొదలుకొని పల్లెలోని చిన్న పెరటివరకు ఇది సుఖముగ పెరుగుచున్నది.

సాగు కష్టమైనది కాదు. నీరు నిలువని నేల కావలెను. రోజులో ఎక్కువభాగము ఎండ తగులవలెను. ఫాల్గుణ చైత్రములందు గాని, తొలకరియందు గాని దుంపలను నాటవచ్చును. సుమారు అంగుళము లావుగల గట్టి దుంపల నేరుకొని, జానెడు దూరమున నొకటిగ, 2 లేక 3 అంగుళముల లోతున నుంచవలెను. చివికిన పశువులయెరువు మంచిది, పచ్చిపేడ కూడదు. నాటిన మూడుమాసములకు పూకాడలు లేచును. ఒంటిరేకు పూవునకు పరిమళ మెక్కువ. దండలకు అదియే తగును. ముద్దపూవు కాడతోసహా కోసి పాత్రలలో నుంచుటకు బాగుండును. బెంగుళూరులోని ఉద్యాన పరిశోధనాలయమువారు ప్రజ్వల్, సువాసిని మొదలగు మేలురకములను వెలువరించియున్నారు. ఒకసారి నాటిన మడి మూడేండ్లవరకు పూయును. ఆ కాలములో ఒక్క దుంప చుట్టును పిల్లదుంపలు గుంపుగా కట్టును. ఆకులు పండిన పిమ్మట వానిని త్రవ్వి, నీడను ఆరబెట్టి, మరల నాటుకొనవచ్చును.

ఇందే మన విషయము యొక్క కీలకమున్నది. ఈ సాగునందు పూవు వడ్డీ, దుంప అసలు. మల్లెకొమ్మ విరిగిన మరల చిగిర్చును. దుంపపోయిన చిగుర్చుట కేమియు మిగులదు. నాలుగు మళ్ళ పూలమ్ముకొని ఇంటికి ఉప్పు, నూనె తెచ్చుకొను ఇల్లాలికి ఒక్కరాత్రిలో దుంపలుపోయిన, ఆనాటి పూలు మాత్రమే గాదు, రాబోవు ఏండ్ల పూలును, విత్తనపు దుంపలును పోయినట్లే. పైకి మొక్క నిలిచియే యుండును, రెండుదినములకు వాడును. నీరు చాలలేదని మరల నీరు పెట్టుదురు. పట్టి లాగిన, అడుగున దుంప లేని కాడ చేతికి వచ్చును. ఇట్టి మడులను నేను పలుచోట్ల చూచియున్నాను.

ఈ పని చేయునది సాధారణముగ పందికొక్కు. బెదరించిన పందివలె గుఱ్ఱుమను జంతువు గనుక దీనికీ పేరు తగియున్నది. ఆంగ్లభాషలోని బాండికూట్ అను మాట మన పందికొక్కు అను మాటనుండియే పుట్టినదని నిఘంటుకారులు చెప్పుచున్నారు. మన భాష ప్రపంచమునకిచ్చిన మాటలలో నిదియొకటి యగుట మనకు గర్వకారణము కాకపోవచ్చును గాని, ఈ జంతువుతో మనకుగల పరిచయమెంత పాతదో దానివలన తెలియుచున్నది. ఇందు రెండురకములున్నవి. పెద్దది ఇండ్లచెంత, దొడ్లలో, గోడలక్రింద నుండును. చిన్నది పొలములలోను, గట్లలోను ఎక్కువగ నుండును. చూలు మోయు కాలము మూడువారములకు కొంచె మెక్కువ. ఈతకు ఆరు మొదలు ఎనిమిది పిల్లలు పుట్టుట సామాన్యము. ఒక జంటను ఉపేక్షించిన సంవత్సరాంతమునకు ఏమగునో పెద్దలు లెక్కవేసికొనవచ్చును.

శత్రువు నెదుర్కొనుటకు ముందు వాని ఉనికి తెలియవలెను. మడిచెంత తాజామట్టి కుప్పగా పడియుండి, ద్వారము ఆ మట్టితోనే మూయబడియున్న, అది పందికొక్కు కలుగని అనుకొనవచ్చును. ఒక కలుగునకు పలు ద్వారములుండును. అందొకటి పలుచని మట్టిపొరతో కప్పిన తప్పుదారి. ఏ కలుగు పాడుపడినదో, ఏది కాపురమున్నదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష కలదు. సాయంకాలమున అన్నిద్వారములను మట్టితో మూసి చదును చేయుడు. తెల్లవారి మట్టి త్రోయబడియున్నచోట శత్రువున్నది. తక్కినవానిపై శ్రమ వ్యర్థము. కలుగులో చేయి పెట్టరాదు. ఎలుకకలుగులలో నాగుపాములును కట్లపాములును చేరుట కలదు.

చుంచును చూచి పందికొక్కుపిల్ల యని చంపువారు కలరు. మూతి సూదిగానుండి, కంపు కొట్టుచు, కిచకిచలాడుచు గోడవారగ పరుగెత్తునది చుంచు. అది ముఖ్యముగ పురుగులను తినును. దుంపల దొంగ అది కాదు. నిరపరాధిని శిక్షించిన అపరాధి తప్పించుకొనును.

ఇక రక్షణోపాయము. వెల్లుల్లి నాటిన వాసనకు పందికొక్కు పారిపోవునని కొందఱు చెప్పుదురు. ఆ మాటను నమ్మి మడిని విడువరాదు. నేను మా పెరటిలో అనుసరించు పద్ధతి యిది. నాటుటకు ముందే మడిని 18 అంగుళముల లోతున త్రవ్వించి, అర అంగుళపు కన్నులుగల జస్తుపూత యినుపతీగ వలను అడుగునను, నాలుగుప్రక్కలను పఱపించితిని. వల అంచు నేలపైకి జానెడెత్తున నిలుచును. ఒక వలతునుక మఱియొకదానిపై నాలుగంగుళములు ఎక్కునట్లు వేసి తీగతో కుట్టవలెను. సందున్న వల లేనిదానితో సమానము. పిదప మట్టిని, ఎరువును నింపి దుంపలను నాటవలెను. వేళ్ళు వలకన్నులగుండ దిగును, నీరు పోవును, పందికొక్కు మాత్రము రాలేదు. మడి పెద్దదై అడుగంతయు పఱచుటకు శక్తి చాలనిచో, చుట్టును మాత్రమైన మూరెడు లోతున వల పాతి, దాని అడుగంచును జానెడు మేర బయటివైపునకు మడువవలెను. త్రవ్వుచు వచ్చు జంతువు ఆ మడతపై ఆగిపోవును. కొలదిగ నాటువారు వలతో చిన్న బుట్టలుచేసి, గుత్తికొక బుట్టగ పాతుకొనవచ్చును. మొదట కొంత సొమ్ము పట్టును. కాని దుంపలను మరల మరల కొనుటకంటె ఇది లాభము.

మడి అంచున వానాకాలపు లిల్లీ, అనగా వాన పడిన కొలదిదినములకు గులాబిరంగునను తెలుపునను పూయు చిన్నజాతిని, నాటుట మంచిదే. దాని దుంపలలో లైకోరిన్ అను విషపదార్థముండుటచే ఎలుకజాతి సాధారణముగ దానిని తినదు. అడవినాభి పూవు అగ్నిజ్వాలవలె అందమైనదే గాని, దాని దుంప మనుష్యునికే ప్రాణాంతకము. పిల్లలున్న ఇంట దానిని నాటవలదని నా సలహా.

ఇంతవరకు చెప్పినది ఒక ఇంటివారు చేయగలపని. కాని గ్రామపెద్దలతో నేను మనవిచేయదలచిన అసలు విషయము వేఱు. నా మడికి వల వేసికొన్న, పందికొక్కు చావదు. ప్రక్కవారి దొడ్డికి పోవును. అది పూవునకై వచ్చినది కాదు. పెంటకుప్ప, గడ్డివామి, కల్లమున చిందిన గింజలు, మూతలేని గాదె – వీనికై వచ్చి, దారిలో దుంపలు తినుచున్నది. "పూలమొక్కల కింత ప్రయాస యేల?" యని ఒక పెద్దమనిషి నన్నడిగెను. నేడు పూలమడిలో నున్న కలుగు రేపు గాదె అడుగునకును, ఎల్లుండి గోడ పునాదికిని పోవునని చెప్పితిని. పూలమడి మనకు ముందుగ తెలియజేయు కావలివాడు మాత్రమే.

కావున కోతలైన పిదప, చేలు బయలై తిండి కరవైన ఎండకాలమున, ఊరంతయు ఒక్కవారములో పూనుకొనవలెను. లావుపాటి గట్లను చెక్కి సన్నము చేయుడు. పెంటకుప్పలను, రాళ్ళకుప్పలను ఇండ్లకు దూరముగ తరలింపుడు. గాదెలను నేలకు రెండుమూరల ఎత్తున నిలుపుడు. వెదురుబుట్ట ఉచ్చులను కలుగుల దారిలో పెట్టించుడు. కలుగులను త్రవ్వి పట్టుటలో యానాదులకున్న నేర్పు ప్రసిద్ధము. తప్పుదారిని ముందు కనిపెట్టి మూసి, కుండలో గడ్డి పొగ బెట్టి ఊదుట వారి పాతపద్ధతి. వారిని పిలిచి, వారి విద్యకు తగిన కూలి నిచ్చి, పని చేయించుకొనుట గ్రామమునకు గౌరవము.

విషమును గూర్చి స్పష్టముగ చెప్పవలసియున్నది. జింకు ఫాస్ఫైడు అను నల్లని పొడి కడుపులోని తేమతో కలసి విషవాయువగును. దానికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. ఒకసారి రుచిచూచి బ్రదికిన ఎలుక ఆ ఎరను మరల ముట్టదు. ముట్టునవి ఇంటి కోళ్ళు, కుక్కలు, తెలియని పసిపిల్లలు. బ్రోమడయోలోన్ వంటి మందు తిని తూలుచున్న ఎలుకను పట్టిన గుడ్లగూబయు చెడును. కావున పెరటిమడిలో విషము వలదు. పొలములో తప్పనిసరియైన, వ్యవసాయోద్యోగుల సమక్షమున, కలుగు లోపలనే ఉంచి మూయించి, చచ్చినవానిని లోతుగ పాతిపెట్టించవలెను.

గుడ్లగూబ ఇంటిపై వ్రాలిన కీడని తరుమువారున్నారు. రాత్రికి ఎలుకలను పట్టి పిల్లలకు మోసికొనిపోవు ఆ పక్షి జీతమడుగని తలారి. జెర్రిపోతునకు విషములేదు, ఎలుకలు దాని యాహారములో ముఖ్యమైనవి. ఈ రెంటిని చంపిన ఊరిలో పందికొక్కులు వర్ధిల్లును. మడులమధ్య ఎత్తైన కఱ్ఱపై అడ్డకఱ్ఱ కట్టి నిలిపిన గుడ్లగూబ వ్రాలుటకు వీలగును.

మఱియొక హెచ్చరిక. ఎలుకజాతి మూత్రము కలసిన తడినేలనుండి, పాదములలోని పుండ్లగుండ లెప్టోస్పైరోసిస్ అను జ్వరము సోకవచ్చును. కలుగులున్న మడిలో వట్టికాళ్ళతో దిగవలదు. పనియైన పిదప సబ్బుతో కాళ్ళుచేతులు కడుగుకొనవలెను. తోటపని పిమ్మట తీవ్రజ్వరము వచ్చినచో, ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పవలెను.

పెద్దలారా, చెరువుకట్టను ఊరంతయు కలసి కాచుకొనుట మనకు క్రొత్త కాదు. కట్టకు గండి పెట్టునదియు, గాదెకు చిల్లి పెట్టునదియు, పూలమడిని పెల్లగించునదియు ఒకే పందికొక్కు. ఈ యెండకాలమున ఒక సాయంకాలము మీ ఊరి కలుగులనన్నిటిని మూయించి, మఱునాటి యుదయమున ఎన్ని తెఱువబడినవో లెక్కించి చూడుడు. ఆ లెక్క చేతనున్న, ఏ వీధిలో పని మొదలు పెట్టవలెనో దానంతటదే తెలియును.

సెలవు.