స్టాండర్డ్ ట్యూబు ఎక్కడుంది?

పట్టాలు అందుకుంటున్న మెటలర్జీ, మెకానికల్ విద్యార్థులారా, ఈ మాటలు మీకోసం.

ఉద్యోగమంతా నేను లోహపు ట్యూబుల్లో పగుళ్లు వెతికాను. ఎడ్డీ కరెంట్ టెస్టింగ్ నా పని. ఫారడే 1831లో కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణే దీనికి ఆధారం. ఏసీ కరెంటు పారే కాయిల్‌లోంచి ట్యూబు వెళ్తుంటే, ట్యూబు లోహంలో సుడులు తిరిగే కరెంట్లు పుడతాయి. పగులు అడ్డొస్తే, కాలువ నీళ్లు రాయిని చుట్టుకుపోయినట్టు అవి పక్కకు మళ్లుతాయి. ఆ మార్పు కాయిల్ ఇంపిడెన్స్‌లో తెలిసిపోతుంది. ట్యూబును కోయనక్కర్లేదు, తాకనక్కర్లేదు. అందుకే ఈ పద్ధతంటే నాకంత ప్రేమ.

కానీ దాని చూపుకు హద్దులున్నాయి. రాగిలో 50 హెర్ట్జ్ దగ్గర ఈ కరెంట్లు సుమారు 9 మిల్లీమీటర్ల లోతుకు దిగుతాయి. లక్ష హెర్ట్జ్ దగ్గర 0.2 మిల్లీమీటర్లు దాటేసరికే బాగా బలహీనపడతాయి. ట్యూబు చుట్టూ ఉండే కాయిల్‌కు నిలువు పగులు బాగా దొరుకుతుంది. కరెంటు తిరిగే దారి వెంటే, గుండ్రంగా పడ్డ పగులు తప్పించుకుపోవచ్చు. తెర మీద గీత కదల్లేదంటే ట్యూబు బాగున్నట్టేనా? మిషను వినడం మానేసి ఉండొచ్చు కదా? నన్ను ఇప్పటికీ వదలని దిగులు ఇదే.

నేను కొత్తగా చేరిన ఒక ఇత్తడి ట్యూబుల మిల్లులో స్టాండర్డ్ ట్యూబు ఒకటి ఉండేది. తయారయ్యే ట్యూబు లాంటిదే, కావాలని సన్నటి చిల్లులు పెట్టి ఉంచినది. షిఫ్టు మొదట్లో, మధ్యలో, చివర్లో దాన్ని నడిపించాలి. చిల్లు వచ్చిన ప్రతిసారీ గంట మోగాలి. ఒకరోజు షిఫ్టు చివర్లో మోగలేదు. కేబుల్ కనెక్టరు వదులైంది. అప్పటికి సరుకు కట్టలు కట్టి లారీకెక్కించేశారు. సముద్రపు ఒడ్డున ఉన్న విద్యుత్ కేంద్రం కండెన్సర్‌కు వెళ్లాల్సిన ట్యూబులవి. ఒక్కటి కారినా ఉప్పునీళ్లు బాయిలర్ నీళ్లలో కలుస్తాయి.

డిస్పాచ్ వాళ్లు గొడవపడ్డారు. మా ఇన్‌స్పెక్టరు గారు గొంతు పెంచలేదు. చివరిసారి గంట మోగిన సమయం లాగ్‌బుక్కులో చూపించి, ఆ తర్వాత నడిచిన ప్రతి ట్యూబునూ దింపించారు. కనెక్టరు బిగించి మళ్లీ నడిపితే గంట మోగింది, పాడు ట్యూబులు బయటపడ్డాయి.

ఇదే పరీక్ష జరిగిందో లేదో తెలియని చోట ఏమైందో వినండి. 1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 విమానం 24 వేల అడుగుల ఎత్తులో ఉండగా పైకప్పులో పెద్ద ముక్క ఊడిపోయింది. ఒక ఎయిర్‌హోస్టెస్ ప్రాణం పోయింది. రేకుల అతుకుల దగ్గర రివెట్ల వెంట అలసట పగుళ్లు పాకి ఉన్నాయి. ఆ అతుకులను ఎడ్డీ కరెంట్‌తో చూడాలన్న ఆదేశం అంతకుముందు ఏడాదే వచ్చింది. కంటితో చూసినట్టు రికార్డుల్లో ఉంది, ఎడ్డీ కరెంట్ పరీక్ష చేసినట్టు మాత్రం లేదు. ఆ దర్యాప్తు నివేదికను ప్రతి ఒక్కరూ చదవండి. వందల రివెట్లను ఒకదాని తర్వాత ఒకటి చూసే మనిషికి ఏమవుతుందో అందులో రాశారు.

నాన్నా, అమ్మా, మీ మీద నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఇంటర్వ్యూల్లో అడుగుతుంటాను: చివర్లో స్టాండర్డ్ ట్యూబు ఎందుకు నడపాలి? ఆటో క్యాలిబ్రేషన్ ఉంది కదా సార్, అంటారు! సాఫ్ట్‌వేరు తనను తాను సరిచూసుకుంటుంది, సరే. కాయిల్ మధ్యలోంచి ట్యూబు ఒరిగి వెళ్తోందో లేదో ఎవరు చూస్తారు? మీరే చూడాలి. ఫోను జేబులో పెట్టి చూడాలి. పొద్దున్నే లాగ్‌బుక్కులో సంతకాలన్నీ ఒకేసారి చేసేసి మధ్యాహ్నపు గడులు కూడా నింపేసే అలవాటు మీకు అంటితే, నేనెక్కడున్నా వచ్చి చెవి మెలిపెడతాను.

ఈ నెలలోనే ఉద్యోగాల్లో చేరుతున్నవాళ్లు మొదటి రోజే అడగండి: స్టాండర్డ్ ట్యూబు ఎక్కడుంది? దాన్ని ఆఖరున ఎప్పుడు నడిపారు? గంట మోగకపోతే సరుకును ఆపే అధికారం ఎవరిది? ఆ మూడో దానికి జవాబు కాగితం మీద రాయించుకుని దగ్గర పెట్టుకోండి.