సముద్రశాస్త్ర పరీక్షకు సిద్ధపడుట

పరీక్షలు సమీపించిన కొలది విద్యార్థి చేతిలోని పుస్తకము బరువెక్కుచుండును. సముద్రశాస్త్రము విషయమున ఈ బరువు మరింత హెచ్చు. భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము, భూగోళము, జీవశాస్త్రము, ఇవన్నియు నదులవలె వచ్చి ఇందు కలియుచున్నవి. కళాశాలలో మొదటిసారిగా ఈ శాస్త్రమును చదువుచున్నవారు పరీక్షకు ఎట్లు సిద్ధపడవలెనో నేడు ముచ్చటింపదలచినాము.

మా వృత్తికి సంబంధించిన ఒక విషయముతో ఆరంభింతుము. బంగాళాఖాతములో తుపాను తీరమును సమీపించునపుడు వాతావరణ శాఖవారి హెచ్చరికను మేము రేడియోలో చదివి వినిపింతుము. సహజముగా రావలసిన పోటుకంటె ఇంత ఎత్తున ఉప్పెన రాగలదనియు, పల్లపు ప్రాంతములు మునుగవచ్చుననియు అందు తరచుగా ఉండును. ఆ ఎత్తు ఒక మీటరే అనుకొందము. మీటరు నీరే గదా అని ఇల్లు కదలనివాడు, ఆ మీటరు దేనిపైన వచ్చి చేరునో ఎరుగడు. అది అమావాస్యయో పౌర్ణమియో అయి, ఉప్పెన వేళయు పోటు వేళయు కలిసివచ్చినచో నీరు ఎంత ఎత్తునకు లేచునో ఊహింపడు. ఈ ఒక్క వాక్యమును కారణములతో వివరింపగల విద్యార్థి సగము పరీక్షకు సిద్ధపడినట్లే యని మా అభిప్రాయము.

కనుక మొదట చేయవలసినది, ప్రతి అంకెను దాని కారణముతో ముడివేసికొనుట. భూతలములో సముద్రము నూటికి 71 పాళ్లు. దాని సగటు లోతు సుమారు 3,700 మీటర్లు. ఒక కిలో సముద్రజలములో సగటున 35 గ్రాముల లవణములుండును. మేము చదువుకొను దినములలో ఈ 35ను చక్కగా కంఠస్థము చేసినాము. బంగాళాఖాతపు నీటిలో ఉప్పు తక్కువగాను, అరేబియా సముద్రములో ఎక్కువగాను ఉండుటకు కారణమేమని పరీక్షలో అడుగగానే మా కలము ఆగిపోయినది. సమాధానము మన ఇంటి ముంగిటనే ఉన్నది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చు మంచినీరంతయు బంగాళాఖాతములో పడుచున్నది. పైగా వానలు మెండు. అరేబియా సముద్రమున ఆవిరియగు నీరు హెచ్చు, వచ్చి చేరు మంచినీరు తక్కువ. అంకెను మరచినను ఈ కారణమును మరువము.

రెండవది, సాంద్రత యను దారమును పట్టుకొనుట. చల్లని నీరు, ఉప్పని నీరు బరువు. వెచ్చని నీరు, ఉప్పు తగ్గిన నీరు తేలిక. ఈ ఒక్క సూత్రముతో చాల అధ్యాయములను కుట్టవచ్చును. బంగాళాఖాతమున నదుల మంచినీరు తేలికయై పైపొరగా నిలుచును. గాలి ఆ పొరను క్రింది చల్లని నీటితో సులభముగా కలుపలేదు. అందుచే పైనీరు వెచ్చగా ఉండును, ఆ వేడిమియే తుపానులకు బలమిచ్చును. లవణీయత, ఉష్ణోగ్రత, తుపాను అను మూడు పాఠములు ఇచ్చట ఒకటైనవి. అట్లే నైరుతి దిక్కు గాలి మన తీరము వెంబడి వీచునపుడు, భూభ్రమణ ప్రభావముచే పైనీరు గాలికి కుడివైపునకు, అనగా తీరమునుండి దూరముగా తొలగును. ఆ చోటికి అడుగుననున్న చల్లని నీరు పైకి వచ్చును. 1950ల దశకములో విశాఖపట్టణమునకు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయములో పనిచేసిన అమెరికా శాస్త్రజ్ఞుడు యూజీన్ లఫాండ్ పరిశీలించిన విషయములలో ఇదియు ఒకటి. ఎచ్చటనో పెరూ తీరమును ఉదాహరించుటతో ఆగక, విశాఖ తీరమును పటము గీసి చూపిన సమాధానము పరీక్షకుని మెప్పించును.

మూడవది, ఒకదానివలె మరియొకటి తోచు విషయములను వేరుచేసికొనుట. నీరు పైకి లేచుట మూడు విధములు. పోటు సూర్యచంద్రుల ఆకర్షణవలన కలుగును. మన తీరమున సుమారు 12 గంటల 25 నిమిషములకొకసారి వచ్చును. కనుకనే మరునాడు సుమారు 50 నిమిషములు ఆలస్యమగును. ఈ లెక్క బెస్తవారికి పుస్తకము లేకయే తెలియును. ఉప్పెన తుపానువలన కలుగును. వాయుపీడనము ఒక మిల్లీబారు తగ్గినచో నీరు ఒక సెంటీమీటరు మాత్రము లేచును. 50 మిల్లీబార్లు తగ్గినను అర మీటరే. మరి 1977 నవంబరు 19న దివిసీమలో సుమారు 5 మీటర్ల నీరు ఎట్లు వచ్చినది? ప్రచండమైన గాలి లోతు తక్కువగు తీరజలములను నెట్టి పోగుచేసినది. ఆ దినమున వేలకొలది జనులు మరణించిరి.

సునామీకి గాలితో పనిలేదు. సముద్రగర్భమున భూకంపము వచ్చి అడుగు కదలగా పైనున్న నీరంతయు కదలును. దీని వేగమును కాగితముపై మీరే కట్టవచ్చును: లోతును 9.8చే గుణించి వర్గమూలము తీయుడు. 4,000 మీటర్ల లోతున సెకనుకు 198 మీటర్లు, అనగా గంటకు 710 కిలోమీటర్లకు పైమాట. 10 మీటర్ల లోతున గంటకు 36 కిలోమీటర్లే. ముందునీరు మందగించి వెనుకనీరు వచ్చి చేరుటచే అల ఎత్తు పెరుగును. 2004 డిసెంబరు 26 ఉదయము సుమత్రా వద్ద భూమి కంపించిన తరువాత ఆ అలలు మన తూర్పుతీరము చేరుటకు రెండు గంటలకు పైగా పట్టినది. ఆ రెండు గంటలలో హెచ్చరించు వ్యవస్థ నాడు హిందూమహాసముద్రమునకు లేదు. 2007లో హైదరాబాదున ఆ కేంద్రము వెలసినది. మీరు కట్టిన లెక్కయే ఆ రెండు గంటల విలువను చెప్పుచున్నది.

ఇక అభ్యాసమును గురించి ఒకటి రెండు మాటలు. చదివినదానినే పదిమార్లు చదువుటకంటె, పుస్తకము మూసి తెల్లకాగితముపై పటము గీయుట మేలు. ఎచ్చట చేయి ఆగునో అచ్చటనే మీ లోటు ఉన్నది. అచ్చట పుస్తకము తెరువుడు. మిత్రులు కూడినపుడు 'ఎంత' అని కాక 'ఎందుకు' అని ఒకరినొకరు ప్రశ్నించుకొనుడు. ప్రతి అంకె ప్రక్క ప్రమాణమును వ్రాయుడు. 35 గ్రాములా, మీటర్లా అనునది లేనిచో ఆ అంకెకు అర్థము లేదు. పరీక్షకు ముందునాటి రాత్రి క్రొత్త అధ్యాయము తెరువక, గీసిన పటములను ఒకమారు చూచి నిద్రింపుడు.

చివరకు ఒక చిన్న పరీక్ష మీకు మీరే పెట్టుకొనుడు. తుపాను హెచ్చరికలోని ఆ వాక్యమును, చదువు లేని మీ అమ్మమ్మకో, పొరుగింటివారికో విడమరచి చెప్పుడు. వారికి అర్థమైనచో మీకు అర్థమైనట్లే. పరీక్షలో వచ్చు మార్కులు ఆ సంవత్సరమునకే పనికివచ్చును. తుపాను రాత్రి మేము ఆ వాక్యమును చదివినపుడు, దాని భావమును గ్రహించి ఇరుగుపొరుగును మేలుకొలుపగలవాడు ఊరికొక్కడున్నను మీ చదువు సార్థకమగును.