కొండ దిగడమూ ఒక చదువే
(స్కాలర్‌షిప్‌ల పంపిణీ సభలో చేసిన ప్రసంగం)



వేలూరు, గుడియాతం కుర్రవాళ్లకు మోటార్‌సైకిల్ చేతికి రాగానే ఏలగిరి గుర్తుకొస్తుంది. ఆంబూరు, వాణియంబాడి దాటి వెళ్తే 14 హెయిర్‌పిన్ మలుపులు, పైన సుమారు 1,100 మీటర్ల ఎత్తున ఊరు. మలుపులకు తమిళ కవుల పేర్లు, మొల్లతీగకు రథమిచ్చిన పారివంటి దాతల పేర్లు పెట్టారు. వెళ్లి చూడండి, వద్దనను.

అయితే ఎక్కడం ఇంజన్ పని, దిగడం మన బుద్ధి పని. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగితే భారమంతా బ్రేకుల మీద పడి, అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. ఎక్కిన గేరులోనే దిగండి. ఎదురుగా ఎక్కే బండికి దారి ఇవ్వండి. వెనక కూర్చున్నవారికీ హెల్మెట్ ఉండాలి.

ట్రస్టు మీ మార్కులు చూస్తుంది. అమ్మ గుమ్మంలో నిలబడి మీ రాక కోసమే చూస్తుంది.