వంటింటి ఇంగ్లీషు - బొమ్మల కథలు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఆర్. బకాయిల గురించో, మెడికల్ రీయింబర్స్‌మెంటు గురించో చెబుతానని ఎదురుచూస్తున్నవారు నన్ను మన్నించాలి. ఈరోజు నా విషయం చిన్నపిల్లలు చూసే కార్టూన్లు.

మనమందరం ముప్ఫయి, ముప్ఫయి అయిదేళ్లు ఇంగ్లీషులో ఫైళ్లు నడిపినవాళ్లం. 'రిఫరెన్సు సైటెడ్', 'ఫర్ ఫేవర్ ఆఫ్ నెససరీ యాక్షన్' అని నిద్రలో లేపినా రాయగలం. మరి అట్లకాడను ఏమంటారు? బట్టలు జాడించడాన్ని? ఆరవేయడాన్ని? ఎన్ని చేతులు లేస్తాయో నేను అడగను. మన ఇంగ్లీషు ఆఫీసు గుమ్మం దాటి వంటింట్లోకి రాలేదు. 'పుట్ అప్' అంటే మనకు ఫైలు పై అధికారికి సమర్పించడం. మనవరాలు 'పుట్ అవే' అంటే బొమ్మలు తీసి ఎక్కడివక్కడ సర్దెయ్యమని.

ఇక మన ఆడవాళ్ల సంగతి. మన రాజమహేంద్రవరంలోనూ, కోనసీమలోనూ, అటు భీమవరం, తణుకు వైపునా అమ్మాయో అబ్బాయో పైదేశంలో లేని పెన్షనరు ఇల్లు తక్కువ. కూతురి పురిటికి వెళ్తే ఆరు నెలలు ఉండిపోతాం. మా ఇంట్లో జరిగిందే చెబుతాను. పగలు ఇంట్లో అమ్మమ్మ, నాలుగేళ్ల మనవరాలు, నేను. పిల్లకు తెలుగు కొంత అర్థమవుతుంది గాని నోరు తిరగదు. పాప ఏదో అడుగుతుంది, మా ఆవిడ నవ్వుతుంది. మళ్లీ అడుగుతుంది, మళ్లీ నవ్వుతుంది. మూడోసారి పాప అడగడం మానేసింది. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంది.

దారి చూపింది పెప్పా పిగ్. ఇది 2004లో బ్రిటన్‌లో మొదలైన కార్టూను. ఒక్కో కథ అయిదు నిమిషాలు. నాలుగేళ్ల పందిపిల్ల, దాని తమ్ముడు, తల్లిదండ్రులు, ఇంటి పనులు. ఒక కథలో నాన్న ఫుట్‌బాల్ ఆటకు వేసుకునే తెల్ల చొక్కా మురికవుతుంది. ఉతికేటప్పుడు పెప్పా ఎర్ర గౌను అందులో పడి చొక్కా కాస్తా గులాబిరంగుకు తిరుగుతుంది. ఈ కథ మనకెవరూ చెప్పనక్కరలేదు, ప్రతి ఇంట్లోనూ జరిగిందే. కథ ముందే తెలుసు కనుక మాట దానంతట అదే అతుక్కుంటుంది. చేసే పని కంటికి కనబడుతూ ఉండగానే దాని పేరు చెవిన పడుతుంది. బజారులో దొరికే ముప్ఫయి రోజుల పుస్తకాలలో లేనిది ఇదే.

1995లో కార్టూన్ నెట్‌వర్క్ మన దేశానికి వచ్చాక పిల్లలు ఎగబడి చూసిన టామ్ అండ్ జెర్రీ ఇందుకు పనికిరాదు. నవ్వుకోవడానికి దివ్యంగా ఉంటుంది గాని మాటలేవీ? ఆస్ట్రేలియా వారి బ్లూయీ (2018) బాగుంటుంది, అయితే మాటలు కాస్త వేగం. అందులో తండ్రి కుక్కగారు ఇంటి పనులు చేస్తూ పిల్లలతో ఆడతారు. మగ సభ్యులు తప్పక చూడాలి.

మా ఆవిడ పద్ధతి ఇది. మొదట శబ్దం తీసేసి చూసి, జరిగినది తెలుగులో మనవరాలికి చెప్పేది. తర్వాత శబ్దంతో అదే కథ. రోజూ కొత్తది కాదు, వారమంతా అదే. పిల్లలు చూసిందే చూస్తారు, మనకు అదే లాభం. ఆ తర్వాత గిన్నెలు కడుగుతూ 'రిన్స్' అంటే జాడించడం, 'వైప్' అంటే తుడవడం, బట్టల దగ్గర 'ఫోల్డ్' అంటే మడత పెట్టడం అని పైకి అనుకునేది. తప్పు పలికితే పాప దిద్దేది. రెండు వారాలకు పాప మళ్లీ ప్రశ్నలు మొదలుపెట్టింది.

ఒక్క జాగ్రత్త. పెప్పాది బ్రిటిష్ ఇంగ్లీషు. అక్కడ 'ట్యాప్', 'రబ్బిష్' అన్నవి అమెరికాలో 'ఫాసెట్', 'ట్రాష్' అవుతాయి. ఈ కార్టూను చూసి అమెరికా పిల్లలే బ్రిటిష్ యాసలో మాట్లాడుతున్నారని 2019లో పత్రికలు రాశాయి.

పరాయి మాట వంటింట్లోకి రావడం మనకు కొత్తా? తువ్వాలు, అలమారు, పీపా పోర్చుగీసు నుంచి వచ్చినవే. వాటిని మన ముత్తవ్వలు వ్యాకరణం చదివి నేర్చుకోలేదు.

ఏ కార్టూనులోనూ దొరకని మాటలూ ఉన్నాయి. చేటలో బియ్యం చెరగడం, కల్లాపి చల్లడం. పాపకు వీటిని మా ఆవిడ తెలుగులోనే నేర్పింది. అక్కడ చేట లేకపోతే అట్టపెట్టె మూతతో చెరిగి చూపించింది. ఫోనులో పాప ఇప్పటికీ 'చెరుగు, చెరుగు' అని చేతులు ఆడిస్తుంది.

కార్యవర్గానికి నా మనవి ఒక్కటే. నెలవారీ సమావేశంలో టీ ఇచ్చే ముందు మన హాలు టీవీలో ఇలాంటి కథ ఒకటి వేయించండి. అయిదు నిమిషాలే. మొదటిసారి ఆ తెల్ల చొక్కా కథ వేద్దాం. మహిళలను ముందు వరుసలో కూర్చోబెట్టండి. సెలవు.