కొత్త కంప్యూటరు – పాత ఫైళ్ళు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విండోస్ లాప్‌టాప్ వదిలి మాక్‌కి మారిన అనుభవం పది నిమిషాల్లో చెప్పమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. ముప్పై నాలుగేళ్ళు జమాఖర్చులు రాసినవాణ్ణే తప్ప కంప్యూటరు పండితుణ్ణి కాను. నాకు జరిగింది చెబుతాను. పొరపాట్లుంటే సరిదిద్దడానికి మన మనవలూ మనవరాళ్ళూ వెనక వరుసలో ఉన్నారు.

నా పాత లాప్‌టాప్ 2016లో కొన్నది. విండోస్ 10 మీద నడిచేది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలుగా ఉచితంగా వచ్చే భద్రతా మార్పులు ఆగిపోయాయి. పేరు నమోదు చేసుకుంటే మరో ఏడాది పొడిగింపు ఇచ్చే ఏర్పాటు పెట్టారనుకోండి. మర్నాటి నుంచి యంత్రం ఆగిపోతుందని కాదు, కొత్తగా బయటపడే లోపాలకు మందు వేసే నాథుడు ఉండడు. బ్యాంకు పనీ పెన్షను పనీ దానిమీదే చేసేవాణ్ణి గనక భయం పట్టుకుంది. పోనీ విండోస్ 11 వేయిద్దామంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసరైనా ఉండాలన్నారు. నాది ఆరో తరం. రెండేళ్ళు తక్కువైందని ప్రమోషను ఆపేసినట్టు అయింది.

సరిగ్గా అప్పుడే మా అమ్మాయి తను వాడిన మాక్‌బుక్ పంపింది. "నాన్నా, వారం రోజులు తిట్టుకుంటావు, తర్వాత అలవాటైపోతుంది" అంది. పది రోజులు తిట్టుకున్నాను. కంట్రోల్ మీటకి అలవాటుపడిన చిటికెనవేలు ఒక పట్టాన మాట వినదు. కాపీ చేయాలన్నా అతికించాలన్నా ఇక్కడ కమాండ్ మీట నొక్కాలి. ఎర్ర చుక్క నొక్కితే కిటికీ మూసుకుంటుంది గాని ప్రోగ్రాం లోపల నడుస్తూనే ఉంటుంది. డిలీట్ అని రాసి ఉన్న మీట వెనక అక్షరాన్ని చెరుపుతుంది. పాత పెన్‌డ్రైవు పెడితే చదివింది గాని దానిమీద రాయనంది. విండోస్ పద్ధతిలో ఫార్మాట్ చేసినదట. ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలోకి మారిస్తే రెండు యంత్రాలూ ఒప్పుకుంటాయి. మార్చే ముందు అందులోవి మరో చోట దాచుకోండి, అంతా తుడిచిపెట్టుకుపోతుంది.

నవంబరులో మన వాళ్ళు నలుగురైదుగురు జీవన్ ప్రమాణ్ కోసం మా ఇంటికి వస్తుంటారు కదా. నా వేలిముద్ర పరికరం విండోస్‌కీ ఆండ్రాయిడ్ ఫోనుకీ తయారైనది, మాక్ దాన్ని గుర్తించలేదు. అయితే 2021 నుంచి ముఖం చూపించి ఫోనులోనే పని పూర్తిచేసే సదుపాయం ఉంది. వేళ్ళ గీతలు అరిగిపోయిన మనబోటివాళ్ళకి అదే నయం. కాఫీలు మాత్రం యథాప్రకారం అందరికీ అందాయి.

ఇంతవరకూ చెప్పినవి చిన్న చికాకులు. అసలు సంగతి ఇప్పుడు చెబుతాను.

మా ఆవిడ మీలో చాలామందికి తెలుసు. తాలూకా ఆఫీసులో తెలుగు టైపిస్టుగా చేసి రిటైరయింది. 2017లో తన చిన్ననాటి సంగతులన్నీ పాత లాప్‌టాప్ మీద టైపు చేయడం మొదలుపెట్టింది. ఆమె వేళ్ళకు తెలిసింది టైప్‌రైటరు మీటల వరసే కాబట్టి డి.టి.పి. కుర్రవాడొకడు ఆ వరస కుదిరే తెలుగు ఫాంటు వేసిపెట్టాడు. ఎనభై నాలుగు పేజీలయింది. 2021లో ఆమె పోయింది. ఫైలు అలాగే ఉంది. నేను తెరవలేదు.

మాక్‌లోకి అన్నీ మార్చాక మొట్టమొదట తెరిచింది ఆ ఫైలే. అందులో తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, వాటి నెత్తిన చుక్కలు, గీతలు, ఎనభై నాలుగు పేజీలూ అంతే. కాసేపు నా కాళ్ళూ చేతులూ ఆడలేదు.

మనవడు వచ్చి వివరించాడు. ఆ పాత ఫాంట్లలో ఉన్నది నిజానికి తెలుగు కాదట. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు బొమ్మలుగా కూర్చారు. ఫాంటు ఉంటే తెలుగులా కనబడుతుంది, లేకపోతే ముసుగు తొలగిపోతుంది. యూనికోడ్‌లో అలా కాదు. 1991లో వచ్చిన దాని మొదటి రూపంలోనే తెలుగుకు చోటు దొరికింది. మన పి.పి.ఓ. నంబరులాగా ప్రతి అక్షరానికీ ఒక నంబరు, ఏ యంత్రంలోనైనా అదే. పాత ఫాంటు తెచ్చి మాక్‌లో వేసుకుంటే కంటికి కనబడవచ్చు గాని, మాట వెతికితే దొరకదు, ఫోనులో పంపితే అవతలివారికి మళ్ళీ గజిబిజే.

మార్పిడి ప్రోగ్రాంలో వేస్తే నిమిషంలో తెలుగైంది, తప్పులతో. పాత పద్ధతి అక్షరం ఆకారాన్ని బట్టి పోతుంది, కొత్తది ఉచ్చారణ వరసను బట్టి. అందుకని 'ప్రాణం' కాస్తా 'పా్రణం' అయి కూర్చుంది. క్రావడి ఉన్న మాటలు చాలావాటికి ఇదే గతి. పాత లాప్‌టాప్‌ని ఇంటర్నెట్టు తీసేసి పక్కన పెట్టుకుని, అందులో అసలు పేజీ చూస్తూ ఇందులో దిద్దుకుంటూ పోయాను. మాక్‌లో ఇన్‌స్క్రిప్ట్ వరస నేర్చుకున్నాను, అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి. రోజుకు పేజీ, పేజీన్నర. రెండు నెలలు పైనే పట్టింది.

నలభై ఒకటో పేజీలో 1987 నాటి నా బదిలీ సంగతి ఉంది. ఇద్దరు పిల్లల్నీ ఆమెకు అప్పగించి మూడేళ్ళు దూరంగా ఉన్నాను. ఆమె సంతోషంగానే ఒప్పుకుందని ఇన్నాళ్ళూ అందరితో చెప్పుకున్నాను. ఆమె రాసింది ఇది: "ప్రయాణానికి పెట్టె సర్దాను. అడిగితే వెళ్ళవద్దనేదాన్ని. ఆయన అడగలేదు." అందులో 'ప్ర' తప్పు పడింది. దిద్దాను. ఆ రోజు ఇక ముందుకు సాగలేదు.

ఇప్పుడు ఆ ఎనభై నాలుగు పేజీలూ పిల్లల ఫోన్లలో ఉన్నాయి. అమ్మాయి ఒకటికి రెండుసార్లు చదివానంది.

మన సంఘం పత్రిక పాత సంచికలు కూడా ఇలాంటి ఫాంట్లలోనే సీడీల మీద ఉన్నాయని కార్యదర్శి గారు చెప్పారు. మీ ఇళ్ళలోనూ ఉంటే ఉండవచ్చు, పిల్లల పెళ్ళి శుభలేఖలో, రాసుకున్న పద్యాలో. కొత్త లాప్‌టాపుల్లో సీడీ పెట్టే చోటే ఉండదు. నా పాతదానిలో ఉంది, ఇంకా పనిచేస్తోంది. ఆదివారాలు ఉదయం పది నుంచి పన్నెండు దాకా సంఘం కార్యాలయంలో దాన్ని పెట్టుకుని కూర్చుంటాను. సీడీలూ పెన్‌డ్రైవులూ తీసుకురండి. తప్పులు దిద్దడానికి కళ్ళద్దాలు మరిచిపోవద్దు.

సెలవు.