రక్తం తాగే డిటెక్టివ్.. రక్తం ఇచ్చిన ఫ్యాన్స్!

నేను మీ నల్గొండ పోరన్ని. బీటెక్ చేసి, నాలుగేళ్లు కోడ్ రాసి, ఇప్పుడు మీకు కథలు చెప్తున్నా. ఇవాళ ఒక రక్తపిశాచి డిటెక్టివ్ లవ్‌స్టోరీ. నవ్వకండి, చివర్లో మీతో ఒక పనుంది.

సీరియల్ పేరు 'మూన్‌లైట్'. అమెరికాలో సీబీఎస్ చానల్‌లో 2007 సెప్టెంబర్ 28న మొదలైంది. హీరో మిక్ సెయింట్ జాన్, లాస్ ఏంజెలెస్‌లో ప్రైవేట్ డిటెక్టివ్. 1952లో పెళ్లైన రాత్రే భార్య కోరలైన్ కొరికి వ్యాంపైర్‌ని చేసేసింది. మనిషిగా మనోడికి ఫస్ట్ నైటే లాస్ట్ నైట్! అప్పట్నుంచి వయసు పెరగదు. ఫ్రీజర్‌లో పడుకుంటడు. వెల్లుల్లి ఏం చేయదు, ఎండ మాత్రం పడదు.

కానీ మనోడికో రూల్ ఉంది. ఆడవాళ్లు, పిల్లలు, అమాయకుల జోలికి పోడు. ఆకలైతే రక్తం కొనుక్కుంటడు. చిన్నప్పుడు కిడ్నాపైన బెత్ అనే పాపని కాపాడుతాడు. ఆ పాప పెద్దయి ఆన్‌లైన్ న్యూస్ రిపోర్టర్ అవుతుంది. ఇద్దరూ కేసుల వెంట తిరుగుతూ ప్రేమలో పడతారు. అసలు టెన్షన్ విలన్‌తో కాదు. "నా ఆకలే నా పిల్లని చంపేస్తదేమో" అని హీరోకి తన మీద తనకే భయం. నాకు నచ్చింది అదే.

ఇది మనకేం కొత్త కాదు. చందమామలో విక్రమార్కుడి భుజం మీది బేతాళుడు గుర్తున్నాడా? శవంలో ఉండి కేసు చెప్తడు, రాజు తీర్పు చెప్పాలె. ఆ కథల్ని రిచర్డ్ బర్టన్ 1870లో ఇంగ్లిష్‌లోకి తెచ్చి, పుస్తకం పేర్లో బేతాళుణ్ని 'వ్యాంపైర్' అన్నాడు. 'డ్రాక్యులా' వచ్చింది 1897లో. అంటే మనోడు 27 ఏళ్లు సీనియర్!

సరే, మూన్‌లైట్ ఏమైంది? మధ్యలో రైటర్ల సమ్మె వచ్చింది. 16 ఎపిసోడ్లకే, 2008 మేలో ఆగిపోయింది. సీరియల్‌ని కాపాడుకోవాలని ఫ్యాన్స్ ఏం చేశారో తెలుసా? రెడ్‌క్రాస్‌తో కలిసి రక్తదానం చేశారు! సీరియల్ బతకలేదు. ఆ రక్తం మాత్రం వృథా కాదు కదా.

ఇప్పుడు నా కథ. ఇంజినీరింగ్ థర్డ్ ఇయర్‌లో అమ్మకి ఆపరేషన్. రెండు యూనిట్లు కావాలన్నారు. వాట్సాప్ గ్రూపులన్నిట్లో మెసేజ్ పెట్టిన. ఫార్వర్డ్ చేసినోళ్లు బోలెడుమంది. వచ్చింది ఒక్కడే, దేవరకొండ నుంచి బస్సెక్కి. రక్తమిచ్చి, ఒక ఫ్రూటీ తాగి వెళ్లిపోయిండు. కంగార్లో పేరు కూడా అడగలే. రెండో యూనిట్ మా మామ ఇచ్చిండు. అప్పటిదాకా నేను? సూదంటే భయమని కాలేజీ క్యాంపులో రెండుసార్లు బాత్రూంలో దాక్కున్న. నిజంగా సిగ్గేసింది. ఇప్పటికి ఏడుసార్లు ఇచ్చిన. సూదంటే భయం ఇప్పటికీ పోలే, అటు తిరిగి కూర్చుంట.

రక్తం ఏ ఫ్యాక్టరీలోనూ తయారు కాదు. ఎర్ర కణాలు ఫ్రిజ్‌లో పెట్టినా మహా అంటే 42 రోజులు, ప్లేట్‌లెట్లు 5 రోజులే. 18 నిండి, 45 కిలోలు ఉండి, ఆరోగ్యంగా ఉంటే చాలు. మగవాళ్లు మూడు నెలలకి, ఆడవాళ్లు నాలుగు నెలలకి ఒకసారి ఇవ్వొచ్చు. కడుపునిండ తిని పోండి.

ఈసారి రక్తం కావాలని మెసేజ్ వస్తే, ఫార్వర్డ్ కొట్టే ముందు ఒక్కసారి ఆలోచించండి, పోయేది మీరే ఎందుకు కాకూడదు? ఉంట మరి, మళ్లీ కలుద్దాం!