తేనె యెవరి సొత్తు?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



తెలుగువారికి తీపి యనగానే స్ఫురించునది తేనె. మంచిమాట తేనెమాట, చదువనింపైన పద్యము తేనెలూరు పద్యము. వివాహవేదికపై వరునకిచ్చు మధుపర్కమునందు తేనె కలదు. దేవుని యభిషేకమునకు వలయు పంచామృతములలో తేనె కలదు. వైద్యుడు చూర్ణమిచ్చి అనుపానముగా తేనె చెప్పును. సుశ్రుతుడు తేనెను ఎనిమిది విధములుగా విభజించి వాని గుణదోషములను వివరించెను. ఇంతటి గౌరవము పొందిన ద్రవ్యమును గూర్చి ఒక్క ప్రశ్న మాత్రము తరచుగా ఎవరును అడుగరు. తేనె యెవరి సొత్తు? దానిని తీసికొనువాడు ఏ హక్కున తీసికొనుచున్నాడు?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1944వ సంవత్సరమున ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్ అను నతడు కొందరు మిత్రులతో కలిసి వీగన్ సొసైటీ అను సమాజమును స్థాపించెను. మాంసమే కాక పాలు, గ్రుడ్లు మొదలగు జంతుసంబంధమైన పదార్థములన్నియు విడువవలెనని వారి నియమము. తేనెయు ఆ విడువవలసిన వానిలోనిదే. అంతకు తొమ్మిదివందల యేండ్లకు పూర్వము సిరియా దేశమున అబుల్ అలా అల్ మఅర్రీ (973–1057) అను అంధకవి యుండెను. ఆయన మాంసముతోపాటు పాలను, గ్రుడ్లను, తేనెను గూడ విడిచినవాడు. ఈగలు తేనెను కూడబెట్టినది తమకొరకే కాని యితరులకు దానము చేయుటకు కాదని ఆయన వాదము. మన దేశమున జైనాచార్యులు ఇంకను ముందే యీ మాట చెప్పిరి. సమంతభద్రుడు రత్నకరండ శ్రావకాచారమున గృహస్థునకు మద్యమాంసములతో సమానముగా మధువును నిషేధించెను. పండ్రెండవ శతాబ్దివాడగు హేమచంద్రుడు యోగశాస్త్రమున అట్లే చెప్పెను. తేనెపట్టును పిండుటలో అసంఖ్యాకములైన చిన్న ప్రాణులు నశించుననుట వారి ముఖ్యకారణము.

తక్కిన సంప్రదాయములు ఏమనుచున్నవి? మనుస్మృతి బ్రహ్మచారికి మధుమాంసములను వర్జ్యములుగా చెప్పినది. బుద్ధుడు భిక్షువులకు నేయి, వెన్న, నూనె, తేనె, బెల్లము అను అయిదింటిని ఔషధములుగా అనుమతించెను. నాలుకకు రుచియైనపుడు నిషేధము, రోగమునకు మందైనపుడు అనుమతి అనుట రెండింటను గోచరించుచున్నది. అవసరము వేరు, ఆశ వేరు అను విభాగము ఇక్కడనే పుట్టినది.

అయినను గ్రంథములు చదువుచున్నకొలది ఒక విచిత్రము కానవచ్చును. సుందరకాండమున వానరులు మధువనమును కొల్లగొట్టిరి. కావలివాడగు దధిముఖుడు పోయి సుగ్రీవునితో మొరపెట్టుకొనెను. అక్కడ యజమాని సుగ్రీవుడు, నష్టము సుగ్రీవునిది, క్షమించినవాడును సుగ్రీవుడే. తేనెను కూర్చిన యీగల పేరు ఆ వ్యవహారమున రాలేదు. తేనె దొంగిలినవాడు మరుజన్మమున కుట్టెడి యీగయై పుట్టునని మనుస్మృతి చెప్పినది. అదియు ఒక మనుష్యుని తేనెను మరియొక మనుష్యుడు దొంగిలించినపుడే. మొదటి హక్కుదారు దావాలో కక్షిదారుగానే చేరలేదు. భాగవతమున అవధూత తన యిరువదినలుగురు గురువులలో తేనెటీగను, తేనె తీయువానిని గూడ లెక్కించెను. తెలుగున ఆ యేకాదశస్కంధమును రచించినవాడు వెలిగందల నారయ. కూడబెట్టినవాని ధనము పరులపాలగునని అవధూత దానినుండి నేర్చిన పాఠము. లోభికి అది తగిన పాఠమే. కాని తేనెటీగ లోభియగునా? లెక్క చూచిన తరువాతనే తీర్పు చెప్పవలయును.

లెక్క యిది. పూలకాలమున పనిచేయు ఈగ యొక్క ఆయువు సుమారు ఆరు వారములు. అందు తొలి మూడు వారములు గూటిలోపలి పనులకే చెల్లును: పిల్లలను మేపుట, మైనముతో అరలు కట్టుట, గూడు శుభ్రపరచుట. మిగిలిన దినములే బయటి పని. ఇంత చేసి ఒక యీగ తన జీవితకాలమున కూర్చు తేనె చిన్నచెంచాలో పండ్రెండవ పాలు మాత్రమే యని శాస్త్రజ్ఞుల అంచనా. అనగా కాఫీగిన్నెలో వేసికొను ఒక చెంచా తేనె పండ్రెండు జీవితముల కష్టార్జితము. పూవునుండి తెచ్చిన మకరందములో నూటికి డెబ్బది పాళ్ల వరకు, ఒక్కొకప్పుడు అంతకు మించియు, నీరే. దానిని నోటినుండి నోటికి మార్చి, రెక్కలతో విసరి, నీరు ఇరువది పాళ్లకు తగ్గువరకు ఆర్పి, అరకు మైనపు మూత వేయును. ఒక కిలో మైనము పుట్టుటకు ఆరునుండి ఎనిమిది కిలోల తేనెను ఈగలు ఆహారముగా వెచ్చించుననియు అంచనా కలదు. ఈ నిల్వ యంతయు వానలు ముసురుపట్టిన దినములకును, పూలు లేని కరవు మాసములకును. ఇది లోభము కాదు. గాదెలో విత్తనపు గింజ దాచుకొన్న రైతు జాగ్రత్త వంటిది. మంచి పూలకాలమున ఆ గాదె కొంత పొంగునుట నిజము. మనుష్యుని హక్కును గూర్చిన వివాదమంతయు ఆ పొంగినదానిని గురించియే.

ఉద్యోగపర్వమున విదురుడు ధృతరాష్ట్రునకు చెప్పిన నీతి ప్రసిద్ధము. పూవు చెడకుండ తుమ్మెద తేనె గ్రహించినట్లు రాజు ప్రజలనుండి పన్ను గ్రహింపవలెనని దాని తాత్పర్యము. తుమ్మెద పూవునకు హాని చేయదు. పైగా పుప్పొడిని మోసి కాయ కాయించును. అది పన్ను తీసికొని చెరువు త్రవ్వించిన రాజు వంటిది. మనుష్యుడు తేనెటీగ యెడ అట్లున్నాడా?

పూర్వపు రివాజు చూడుడు. పెద్దజాతి యీగలు చెట్టుకొమ్మలకు, కొండచరియలకు ఒకే పెరగా పట్టు పెట్టును. రాత్రివేళ కాగడా ముట్టించి, ఈగలను కాల్చి తరిమి, పట్టునంతయు కోసి, పిల్లపురుగులతో సహా పిండుట పలుచోట్ల నడచినది. ఇది పన్ను కాదు, దోపిడి. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అను మతాచార్యుడు ఈగలు తమ రాకపోకలకు విడుచు సందు కొలతను గుర్తించి, చట్రములు పైకి తీయదగిన పెట్టెను కల్పించెను. 1865లో హ్రుష్కా అను నతడు చట్రమును త్రిప్పి తేనెను వేరుచేయు యంత్రమును కనిపెట్టెను. దానితో పట్టు చితుకదు, పిల్లలు చావవు, ఖాళీ అరలు మరల ఈగలకే దక్కును. దక్షిణదేశమున న్యూటన్ అను క్రైస్తవ మతాచార్యుడు దేశపు ఈగకు తగిన చిన్నపెట్టెను రూపొందించి పల్లెవారికి నేర్పెను. గాంధీమహాత్ముడు 1934లో నెలకొల్పిన గ్రామోద్యోగ సంఘము తేనెటీగల పెంపకమును చేపట్టినది. ఖాదీ గ్రామోద్యోగ కమిషను 1962లో పూనాలో ఇందుకై పరిశోధనాలయమును స్థాపించినది. కాగడానుండి పెట్టెకు వచ్చుట దయలో పెద్ద ముందడుగు అనుటకు సందేహము లేదు.

అయినను పెట్టె పూర్తిగా నిర్దోషియని చెప్పరాదు. తేనెనంతయు తీసికొని బదులుగా పంచదార పాకము పోయువారు కలరు. రాణి యెగిరిపోకుండ రెక్క కత్తిరించువారు కలరు. మేలుజాతి కొరకు మగ యీగలను నలిపి వీర్యము తీయు పద్ధతియు కలదు. అందరును ఇట్లు చేయుదురని కాదు. లాభమే లక్ష్యమైనచోట చేయుదురని చెప్పుట.

ఈగకు బాధ తెలియునా యని కొందరు ప్రశ్నింతురు. తేనెటీగ నృత్యము చేసి తోడివారికి పూలచోటు దిక్కును, దూరమును తెలుపునని నిరూపించిన కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1973లో నోబెల్ బహుమానము నందుకొనెను. 2011లో ఇంగ్లండులోని న్యూకాజిల్ శాస్త్రజ్ఞులు తేనెటీగలను గట్టిగా కుదిపి చూచిరి. పిమ్మట అవి సందిగ్ధమైన వాసనను చెడ్డదిగానే యెంచినవి. 2022లో లండనులో తుమ్మెదజాతి యీగలు ఏ ప్రతిఫలము లేకయే చిన్న బంతులను దొర్లించి యాడినట్లు ప్రకటించిరి. శాస్త్రము తుదితీర్పు చెప్పలేదు. కాని సందేహము కలిగినపుడు ఆ సందేహఫలము బలహీనునకు చెందవలెననుట ధర్మము.

ఇక రెండు ఆక్షేపణలు. మొదటిది అడవిబిడ్డలది. నల్లమలలోని చెంచులు తీగెత్రాళ్లతో కొండచరియలకు దిగి, ప్రాణమునకు తెగించి తేనె తీయుదురు. గిరిజన సహకార సంస్థ 1956 నుండి గిరిజనుల అటవీ ఫలసాయమును కొనుచున్నది. చెంచునకు ఆ తేనె అన్నము, ఉప్పు, గుడ్డ. పట్నమున పంచదార, బెల్లము, పండ్లు ఇంటనుంచుకొన్నవాని సరదాకును, అతని ఆకలికిని ఒక్క కొలతపాత్ర పనికిరాదు. అయినను అతనికిని మేలైన దారి కలదు. పెద్దయీగ పట్టులో తేనె కొమ్మవైపు పైభాగమున నుండును. పిల్లలు క్రిందిభాగమున నుండును. తేనెభాగమునే కోసి పిల్లలను విడిచినచో పట్టు నిలుచును, తీయువానికి మరల ఫలము దక్కును. ఇట్టి శిక్షణము తెలుగుదేశపు అడవులలో ఇటీవలి దశాబ్దములలో జరుగుచున్నది.

రెండవది త్యాగులకు తగులు ఆక్షేపణ. తేనె మానినంతమాత్రమున ఈగ ఋణము తీరదు. కాలిఫోర్నియాలో బాదము తోటలు పూచు ఫిబ్రవరిలో పదిలక్షలకు మించిన పెట్టెలను లారీలపై అచ్చటికి చేర్తురు. ఆ బాదముపాలు త్రాగి తేనె ముట్టనివాడు ఈగల కష్టము తినలేదనుట సాధ్యమా? ఇచ్చటను ప్రొద్దుతిరుగుడు, నువ్వు, గుమ్మడి, దోస పంటలకు ఈగ పనివాడు. ఆ పనివానిపై ఉదయము పూవు విచ్చినవేళ పురుగుమందు చల్లు చేయి ఒక్క పూటలో పెక్కు పట్టులను తుడిచివేయగలదు. తేనె చెంచాను త్రోసివేసిన చేయియు అదే కావచ్చును. రోగములను గూడ మరువరాదు. 1991–92లో థాయి సంచిరోగము దక్షిణదేశమున దేశపు ఈగల పెట్టెలను చాలవరకు నిర్మూలించినది. 1962లో నాటి పంజాబులోని నగ్రోటాలో నిలద్రొక్కుకొన్న యూరపు ఈగ నేడు దేశమంతట వ్యాపించినది. పెట్టెలను ఊరూర త్రిప్పువారు రోగమును అడవియీగకు అంటింపకుండ చూడవలసిన బాధ్యత గలవారు.

కాబట్టి తేలినదేమి? తేనె ఈగ సొత్తు. దానిపై మనుష్యునిది పట్టా కాదు, మిక్కిలియైన చేబదులు. అవసరము లేనివాడు దానిని విడుచుట ఉత్తమము. విడిచినవానిని వింతవానిగా చూడరాదు. మందునకును, పూజకును కావలసినవాడు కొలతతో గ్రహించుట మధ్యమము. పంచామృతమునకు చెంచా చాలును, సీసా అక్కరలేదు. జీవనోపాధిగా తీయువాడు కరవుమాసముల నిల్వను గూటనే యుంచి పొంగినదానిని మాత్రము ముట్టవలయును. పట్టును కాల్చుట ఎవరికిని ఏ కారణమునను తగదు. అన్నిటికంటె ముందు, తేనె తినువాడును తిననివాడును తమ పొలమున మందు చల్లవలసివచ్చినచో ఈగలు గూడు చేరిన సాయంకాలమున చల్లవలయును. ఊరి చింతను, వేపను, కానుగను నరకకుండవలయును. జమ వ్రాయకుండ ఖర్చు మాత్రము వ్రాసిన చిట్టా ఎన్నటికిని సరిపోదు. ఈగల చిట్టాలో మనుష్యుడు ఇంతవరకు ఖర్చే వ్రాసెను. జమ వ్రాయవలసిన కాలము వచ్చినది.

స్వస్తి.